ఒకే మాయతో కవలలు, 5వ నెల: భర్తగా నేను ఏమేం చూసుకోవాలి?

మీ భార్యకు 5వ నెల అనీ, కవలలిద్దరూ ఒకే మాయను (ప్లాసెంటాను) పంచుకుంటున్నారని తేలిందనీ, ఇంట్లో అందరూ సంబరపడుతుంటే వైద్యురాలు మాత్రం కాగితంపై ‘హై రిస్క్’ అని రాశారనీ చెబుతూ, ఇదే పరిస్థితి దాటిన తండ్రుల అనుభవం అడిగారు. రెండేళ్ల క్రితం నేనూ అలాంటి కాగితమే పట్టుకుని నిలబడ్డాను. నేను వైద్యుణ్ణి కాను కనుక, మాకు జరిగినది మాత్రమే రాస్తున్నాను.

మొదట నాకు అర్థం కానిది, కవలలందరూ ఒక్కలాంటి వారు కారన్న సంగతి. మా పిన్నిగారి కోడలికి కవలలు ఏ ఇబ్బందీ లేకుండా పుట్టారు కాబట్టి మాకూ అంతేనని అందరూ అన్నారు. కానీ ఆమె పిల్లలకు ఎవరి మాయ వారికి ఉంది. మాకు 12వ వారం స్కానులోనే మాయ ఒక్కటి, ఉమ్మనీటి సంచులు రెండు అని చెప్పారు. మాయ ఒక్కటైతే ఇద్దరి రక్తనాళాలూ దానిలో కలుస్తాయి, ఒక్కోసారి ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు ఎక్కువగా వెళ్లిపోతుంది. ఇలాంటి ప్రతి 100 గర్భాలలో సుమారు 10 నుంచి 15 వరకు ఈ సమస్య వస్తుందని విన్న రోజు నాకు అన్నం సహించలేదు. 16వ వారం నుంచి రెండు వారాలకొకసారి స్కాన్ చేసేది దీన్ని ముందే పట్టుకోవడానికే. అవసరమైతే మాయపై కలిసిన ఆ రక్తనాళాలను లేజర్‌తో మూసివేసే చికిత్స కూడా ఉంది. మా ఊరు కరీంనగర్ అయినా, గర్భస్థ శిశువుల నిపుణులకు చూపించమని మా వైద్యురాలు హైదరాబాద్ పంపారు.

నేను ఒక నోటుపుస్తకం పెట్టి, ప్రతి స్కాను తర్వాత ఇద్దరి బరువు, ఇద్దరి ఉమ్మనీటి కొలత పక్కపక్కన రాసేవాణ్ణి. ఒక సంచిలో నీరు 8 సెంటీమీటర్లు దాటి, రెండోదానిలో 2 కంటే తగ్గితే ప్రమాదమని మాకు చెప్పారు. 20వ వారంలో ఒకరికి 6.8, మరొకరికి 2.4 వచ్చింది. డాక్టరు నన్ను బయటికి పిలిచి, ఇక వారానికోసారి రావాలనీ, కడుపు ఉన్నట్టుండి బిగుసుకుపోయి పెరిగినా, ఆయాసం వచ్చినా ఆగకుండా రావాలనీ చెప్పారు. నేను ఆ మాట నా భార్యకు చెప్పలేదు. అంతా బాగుందన్నాను. ఆమె భయపడకూడదన్నది నా ఉద్దేశం, కానీ గమనించవలసిన లక్షణాలన్నీ ఆమె ఒంట్లోనే కనబడేవి అన్న చిన్న విషయం నాకు తట్టలేదు. మూడో రోజు ఆమె నోటుపుస్తకం తెరిచి చూసి, “ఈ కడుపు నాదా, మీదా?” అని ఒక్క మాట అడిగింది. ఆ తర్వాత అంకెలు ఆమే రాసింది, డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఇద్దరం కలిసే కూర్చున్నాం. మీరు ఈ ఒక్క తప్పు చేయకండి.

అదృష్టవశాత్తు నీళ్ల తేడా అక్కడితో ఆగింది, కానీ 28వ వారానికి ఒకరు 1,150 గ్రాములు, మరొకరు 860 గ్రాములు ఉన్నారు. అప్పటికే 7వ నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకువెళ్తామని మా అత్తగారు ముహూర్తం పెట్టించారు. వారి ఊళ్లో నెలలు నిండని శిశువులను చూసే ఎన్ఐసీయూ లేదు. ఆమెకు ఈ విషయం చెప్పడం, నిజం చెప్పాలంటే, డాక్టరు మాట వినడం కంటే కష్టమైంది. చివరికి ఆమే బట్టలు సర్దుకుని హైదరాబాద్‌లో ఆసుపత్రి దగ్గర మేము తీసుకున్న అద్దె గదికి వచ్చారు; గాజులు ఆ గదిలోనే తొడిగారు.

32వ వారంలో చిన్న బిడ్డకు బొడ్డుతాడులో రక్తప్రవాహం తగ్గడంతో, పిల్లల ఊపిరితిత్తులు త్వరగా పరిపక్వమయ్యేందుకు 12 గంటలకొకటి చొప్పున 4 స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి, తర్వాత సిజేరియన్ చేశారు. 1,690, 1,240 గ్రాములు. ఖర్చు సంగతి ఇప్పుడే కనుక్కోండి: మా బీమాలో పిల్లల ఎన్ఐసీయూ బిల్లు కూడా ప్రసవపు పరిమితిలోకే వస్తుందని నాకు 6వ రోజున తెలిసింది.

కంగారూ పద్ధతిలో బిడ్డను ఛాతీకి ఆనించుకోవడం తల్లి పనేనని నేను అనుకున్నాను. ఆమెకు కుట్లు మానకపోవడంతో నర్సు నా చొక్కా గుండీలు విప్పమని, చిన్నదాన్ని నిలువుగా నా రొమ్ముపై పెట్టి పైన గుడ్డ కట్టింది. దాని అరికాలు నా బొటనవేలంత కూడా లేదు. గంటసేపు దగ్గు వచ్చినా దగ్గకుండా కూర్చున్నాను.

మీ పిల్లలు కూడా ముందే పుడితే, పుట్టిన నాలుగు వారాలలోపు కంటి రెటీనా పరీక్ష తప్పకుండా చేయించండి. మాకు ఆ తేదీ డిశ్చార్జి కాగితం రెండో పేజీలో, అడుగున ఉంది. నా భార్య నోటుపుస్తకంలోకి ఎక్కించకపోతే నేను మరిచిపోయేవాణ్ణే.