వాళ్ల చిన్నాన్న పోలికే అంటున్నారు.. నా కొడుకు గురించి భయంగా ఉంది

ప్రశ్న: మాది పరకాల. మా అబ్బాయికి 15 ఏళ్లు. ముక్కు మీద కోపం. రెండుసార్లు వాళ్ల నాన్న జేబులోంచి డబ్బు తీశాడు. మొన్న చెల్లెలి సైకిలును గోడకేసి కొట్టాడు. ఆ రాత్రే ఎవరూ చూడకుండా చైను ఎక్కించి, వంగిన మడ్‌గార్డు సరిచేసి పెట్టాడు. మా మరిది దొంగతనం కేసులో జైలుకు వెళ్లివచ్చాడు. 'అచ్చం వాళ్ల చిన్నాన్నే, రక్తంలనే ఉన్నది' అంటోంది మా అత్తమ్మ. నిజమేనా?

జవాబు: అమ్మా, నేరస్థులు పుట్టుకతోనే అలా ఉంటారని, ముఖం చూసి పోల్చుకోవచ్చని 1876లో ఇటలీ వైద్యుడు లాంబ్రోసో రాసిన సిద్ధాంతం ఎప్పుడో వీగిపోయింది. అలాగని స్వభావానికి, నేరానికి సంబంధమే లేదని నేను అనను. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లలను దశాబ్దాలుగా గమనించగా, చిన్నతనంలో నిగ్రహం బాగా తక్కువగా ఉన్నవారికి పెద్దయ్యాక కోర్టుల్లో శిక్షలు పడటం ఎక్కువగా కనిపించింది. అయినా ఆ పిల్లల్లోనూ సగానికి పైగా మంది 32 ఏళ్లు వచ్చేదాకా ఏ శిక్షా పడకుండానే ఉన్నారు.

కోపం, తొందరపాటు కన్నా మానసిక వైద్యులమైన మేము ఎక్కువగా ఆందోళన పడేది ఎదుటివారి నొప్పి పట్టకపోవడం గురించి. మూగజీవాలను హింసించడం, చేసిన తప్పుకు ఏ మాత్రం బాధపడకపోవడం, పదేళ్లలోపే మొదలై ఇంట్లో, బడిలో, వీధిలో ఒకే తీరుగా సాగడం వంటివి ఉంటే ఆలస్యం చేయకూడదు. మీవాడు రాత్రిపూట చైను ఎక్కించాడు. చెల్లెలి ముందు క్షమించమనడానికి మొహం చెల్లక చేసిన పనిలా నాకు కనిపిస్తోంది. ఉత్తరంలో మీరు యథాలాపంగా రాసినా, నేను రెండుసార్లు చదివింది ఆ ముక్కే. ఇతరుల హక్కులను, బాధను పదేపదే లెక్కచేయని స్వభావాన్ని సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత అంటారు. ఆ నిర్ధారణ 18 ఏళ్లలోపు వారికి మేము చేయనే చేయం.

డబ్బు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఆన్‌లైన్ ఆటలా, సిగరెట్లా, ఎవరైనా బెదిరిస్తున్నారా అన్నది కొట్టకుండా, తిట్టకుండా వాళ్ల నాన్నే ఏకాంతంగా అడగాలి. ఆ 'రక్తం' మాట వాడి చెవిన పడకుండా చూడమని అత్తమ్మగారికి నచ్చజెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. వీలైతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగంలో చూపించండి. వెళ్లేటప్పుడు డబ్బు మొదటిసారి ఎప్పుడు పోయిందో, ఆ వారం ఇంట్లో, బడిలో ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి.