నరాల్లో సంకేతం, తీగలో కరెంటు పారినట్టే పారుతుందా?

పారదు, తీగలో ఎలక్ట్రాన్లు కదులుతాయి, నాడీకణంలో మాత్రం సోడియం, పొటాషియం అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) కణత్వచాన్ని, అంటే కణం చుట్టూ ఉన్న పలుచని పొరను, దాటడం వల్ల పుట్టిన వోల్టేజి మార్పే సంకేతమై ముందుకు సాగుతుంది.

విశ్రాంతిలో ఉన్న కణం లోపలి భాగం బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు రుణాత్మకంగా ఉంటుంది. ప్రేరణ వల్ల ఆ తేడా ఒక హద్దుకు తగ్గగానే త్వచంలోని సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. అయాన్లు లోపలికి దూసుకురావడంతో అక్కడ క్షణకాలం ధనావేశం ఏర్పడి, పక్క ద్వారాలను కూడా తెరిపిస్తుంది. వెనువెంటనే పొటాషియం బయటికి వెళ్లి పూర్వస్థితిని తెస్తుంది.

కాలివేలు గడపకు తగిలితే ముందు చురుక్కుమని, కాసేపటికి సలుపుగా నొప్పి తెలుస్తుంది. మొదటిది మయలిన్ అనే కొవ్వు తొడుగున్న నాడీతంతువుల్లో వేగంగానూ, రెండవది తొడుగు లేని సన్నని తంతువుల్లో సెకనుకు సుమారు 1 మీటరు చొప్పునా వస్తుంది.

నొప్పి పెరిగితే సంకేతం పెద్దదవుతుందన్న అభిప్రాయం సరికాదు. ఒక తంతువులో దాని పరిమాణం దాదాపు మారదు, సెకనుకు ఎన్నిసార్లు పుడుతుందన్నదే మారుతుంది.