ముందు ఆ బీరువా తాళం తీయండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. ఎప్పుడు చూసినా చేతిలో స్కెచ్ బుక్కే. పని చేసుకునేవాళ్ళూ, ఊరికే కూర్చున్నవాళ్ళూ, దారిన పోయేవాళ్ళూ... అందరి బొమ్మలూ వేస్తుంది. పెయింటింగ్‌లో బీఎఫ్‌ఏ, అంటే చిత్రకళలో డిగ్రీ చేస్తానంటోంది. ఇలాంటి బొమ్మలు ఎవరు కొంటారు? అంతగా బొమ్మలే కావాలంటే యానిమేషన్‌లో చేర్పించమని అందరూ అంటున్నారు. పరీక్షలయ్యేదాకా ఆ పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేశాను. రెండు పేజీల ఫొటోలు పంపుతున్నాను. రెండు కోర్సులూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి

జవాబు: ఏటా ఈ రోజుల్లో నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. అడిగేది కోర్సుల గురించే అయినా, లోపలి భయం వేరు. రేపు పిల్ల తన కాళ్ళ మీద తాను నిలబడలేకపోతే ఆ తప్పు నా మెడకు చుట్టుకుంటుందేమో అన్నది మీ బెంగ. అది న్యాయమైన బెంగే. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

మొదటి పేజీ చాలాసేపు చూశాను. ఇస్త్రీ చేస్తున్న మనిషి. ముఖం దాదాపు వేయనే లేదు. బరువంతా కుడి మణికట్టు మీదికి దిగింది, ఆ వైపు భుజం కాస్త వాలింది, ఎడమ చేతి రెండు వేళ్ళు బట్ట అంచుని లాగి పట్టుకున్నాయి. ఆ భుజాన్ని రెండు మూడుసార్లు చెరిపి మళ్ళీ వేసినట్టుంది, పాత గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. రెండో పేజీలో ఒకావిడ కూర్చునే కునుకు తీస్తోంది. సంచీ పట్టీని మాత్రం మణికట్టుకి రెండు చుట్లు తిప్పుకుంది. మీ అమ్మాయి ఆ చుట్లని గమనించింది చూడండి, అలా చూడటం నేర్పడం ఏ కాలేజీకైనా కష్టమే.

ఇప్పుడు యానిమేషన్. ఆ రంగంలో పని ఉంది, మంచి సంస్థలూ ఉన్నాయి. నా అనుమానమల్లా ఆ పేరు మీద నడిచే చాలా కోర్సుల మీద. అక్కడ మొదటి రోజు నుంచీ సాఫ్ట్‌వేరే నేర్పుతారు. ఏళ్ళు గడిచాక కూడా ఎదురుగా ఉన్న మనిషిని చూసి బొమ్మ వేయలేని పిల్లలు నా దగ్గరికి వచ్చారు. సాఫ్ట్‌వేర్ మారగానే వాళ్ళు నేర్చుకున్నదీ పాతబడింది. పైగా రెండు ముక్కలు టైప్ చేస్తే బొమ్మ ఇచ్చే ఏఐ టూల్స్ వచ్చాక, మొదటి మెట్టు ఉద్యోగాల మీదే ఎక్కువ దెబ్బ పడుతుందని నా భయం. అసలు యానిమేషన్‌కి పునాది ఏమిటో దాన్ని పెంచినవాళ్ళకి తెలుసు. 1932లోనే వాల్ట్ డిస్నీ, డాన్ గ్రాహమ్ అనే డ్రాయింగ్ మాస్టారిని పెట్టి తన ఆర్టిస్టులకి మనుషుల్ని ఎదురుగా చూసి వేయడం నేర్పించాడు. మీ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే చేస్తున్న పని అదే. దాన్నేమో మీరు బీరువాలో పెట్టి తాళం వేశారు.

కోపగించుకోకండి, ఈ మాట అనక తప్పదు. మూడు నెలలు గీయకపోతే చెయ్యి బిగుసుకుపోతుంది. చదువు చెడుతుందనుకుంటే రోజుకి అరగంట అని గడువు పెట్టండి, పిల్ల ఒప్పుకుంటుంది. తాళం వేస్తే మాత్రం తన ఇష్టాన్ని మీ దగ్గర దాచుకోవడం నేర్చుకుంటుంది.

ఎవరు కొంటారన్నారు. భూపేన్ ఖఖర్ అనే చిత్రకారుడు చార్టర్డ్ అకౌంటెన్సీ చదివి, బరోడాలో ఏళ్ళ తరబడి పార్ట్‌టైమ్ లెక్కలు చూసుకుంటూనే బొమ్మలు వేశాడు. 1970ల మొదట్లో ఆయన వేసింది ఎవరినో తెలుసా? మంగలిని, దర్జీని, గడియారాలు బాగుచేసేవాణ్ణి. 2016లో లండన్‌లోని టేట్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో ఆయన చిత్రాలకి ప్రత్యేక ప్రదర్శన పెట్టారు. ప్రతివాళ్ళూ ఖఖర్ అవుతారని చెప్పను. కేవలం పెయింటింగులు అమ్ముకుని బతకడం మొదటి పదేళ్ళూ చాలామందికి కుదరదు, ఇది మీ అమ్మాయికీ చెప్పండి. అయితే మనుషుల్ని ఇలా వేయగలిగినవాళ్ళకి పిల్లల పుస్తకాలు, సినిమా స్టోరీబోర్డులు (షూటింగ్‌కి ముందే సన్నివేశాల్ని వేసే బొమ్మలు), పాఠ్యపుస్తకాలు, స్కూళ్ళలో ఆర్ట్ టీచర్ ఉద్యోగాలు ఉన్నాయి. ఆయనలాగే ఒక చేత్తో జీతం, ఒక చేత్తో కుంచె పట్టుకుని నడిచేవాళ్ళూ ఎందరో ఉన్నారు.

పోలిక అడిగారు కాబట్టి నా మాట: బీఎఫ్‌ఏ నాలుగేళ్ళు చేశాక కూడా యానిమేషన్ వైపు వెళ్ళవచ్చు. సాఫ్ట్‌వేర్ మాత్రమే నేర్చుకుని తర్వాత డ్రాయింగ్‌కి రావడం కష్టం. మీకు మరీ గుబులుగా ఉంటే మధ్యలో అప్లైడ్ ఆర్ట్ ఉంది, ఇలస్ట్రేషన్, డిజైన్ పనులకి అది దగ్గర దారి. ఏ కాలేజీకి వెళ్ళినా ఒక్కటే అడగండి: వారానికి ఎన్ని గంటలు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి వేయిస్తారు? సరైన జవాబు రాకపోతే అక్కడ ఫీజు కట్టకండి. సీటు రాలేదని కుంగిపోనూ వద్దు. కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్‌కి ముంబయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ ప్రవేశం ఇవ్వలేదు. ఆయన 'కామన్ మ్యాన్' బొమ్మ దేశానికంతా తెలుసు.

మీ అమ్మాయికి ఒక మాట. చేతులు బాగా వేస్తున్నావమ్మా. రెండు పేజీల్లోనూ మోకాళ్ళ దగ్గరే ఆపేశావు. ఇక పాదాలు వెయ్యి, నిలబడ్డవాళ్ళవీ, నడిచేవాళ్ళవీ. ఇంట్లో మీ నాన్నగారితో మొదలుపెట్టు. అయ్యా, మీరు కదలకుండా నిలబడక్కర్లేదు. మీ పని మీరు చేసుకుంటూ ఉండండి, ఫొటోకి చూసినట్టు పిల్ల వైపు చూడకండి, చాలు.