చిన్నోడికి, కొత్త లాప్‌టాప్ గురించి పెదనాన్న రాసేది

ఒరే చిన్నోడా,

లాప్‌టాప్ కొన్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది, ఏ సాఫ్ట్‌వేర్లు వెయ్యాలో పెదనాన్నని అడగరా అంటే మొహమాటపడుతున్నావట. నా దగ్గర మొహమాటమేటిరా. ఎమ్‌వీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్‌లో ఎవడి కంప్యూటర్ మొరాయించినా ముందు నా తలుపే కొడతారు, నీకు చెప్పకపోతే ఎలా. ఫోన్లో చెప్తే మర్చిపోతావని రాస్తున్నా.

ముందు ఒక మాట, షాపువాడు ఆఫీసూ ఫొటోషాపూ అన్నీ ఫ్రీగా వేసిచ్చాడని సంబరపడ్డావేమో, అవన్నీ క్రాక్‌వి, అంటే డబ్బు కట్టకుండా తాళం పగలగొట్టి వాడే దొంగ కాపీలు అయితే ఈరోజే తీసెయ్. ఆ క్రాక్ పని చెయ్యాలంటే ముందు విండోస్‌తో వచ్చిన డిఫెండర్‌ని ఆపెయ్యమంటారు, అక్కడే తెలుసుకోవాలి. నేనూ ఒకసారి ఊళ్ళో ఒక షాపులో అలాగే వేయించుకున్నా, నెల తిరక్కుండా బ్రౌజర్ తెరిస్తే చాలు పేకాట యాడ్లు, మీ పెద్దమ్మ కరెంటు బిల్లు కట్టడానికి కూర్చుని నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. డిఫెండర్ చాలు, డబ్బులిచ్చి వేరే యాంటీవైరస్ కొనక్కర్లేదు. ఆఫీసు బదులు లిబ్రేఆఫీస్ వేసుకో, 2010 నుంచీ ఉంది, పూర్తిగా ఫ్రీ. కాకపోతే అందులో చేసిన రెజ్యూమె అవతలివాళ్ళ వర్డ్‌లో తెరిస్తే లైన్లు అటూ ఇటూ అవుతాయి, అందుకని ఎవరికి పంపినా పీడీఎఫ్ చేసి పంపు.

ఏది దించుకున్నా వాళ్ళ సొంత సైట్లోంచే దించు. గూగుల్‌లో కొడితే పైన వచ్చేవి చాలావరకు యాడ్లు, లోపలికెళ్తే డౌన్‌లోడ్ అని పచ్చగా ఇంత బటన్ ఉంటుంది చూడు, అది నొక్కావో అయిపోయావు. నినైట్ అని ఒక సైట్ ఉంది, కావాల్సినవాటికి టిక్కు పెడితే అన్నీ కలిపి ఒకే ఫైలు ఇస్తుంది, రన్ చేసి టీ తాగొస్తే పనైపోతుంది, మధ్యలో టూల్‌బార్లూ గీల్‌బార్లూ అంటించదు. వీడియోలకి వీఎల్‌సీ, జిప్ ఫైళ్ళకి సెవెన్ జిప్, ఈ రెండూ అందులోనే టిక్కు పెట్టేసెయ్, వాటి గురించి చెప్పడానికేం లేదు.

చెప్పాల్సింది ఎవ్రీథింగ్ అనే దాని గురించి. పేరే అది, చిన్న సాఫ్ట్‌వేరు, ఫైలు పేరులో నాలుగక్షరాలు కొట్టేలోపే దొరికిపోతుంది. విండోస్‌లో వెతికితే ఆ పచ్చగీత మెల్లగా పాకుతూ ఉంటుంది కదా, ఇదేమో ఒక్కో ఫోల్డర్‌లోకి దూరదు, డిస్కులో ఫైళ్ళ పేర్ల పట్టిక ఒకటి ఎప్పుడూ ఉంటుంది, తిన్నగా దాన్నే చదివేస్తుంది. మొన్న కింది ఫ్లోర్ ఆయన ఇంటి డాక్యుమెంట్ స్కాన్ పోయిందని గంటసేపు తల పట్టుకు కూర్చున్నారు, నేను సేల్ అని కొట్టానో లేదో డౌన్‌లోడ్స్‌లో ఏదో ఫోల్డర్‌లో ఉంది, ఆయన ముఖం చూడాల్సింది.

నువ్వు రేపు పరీక్షలకి అప్లికేషన్లు పెడతావు కదా, ఫొటో యాభై కేబీ దాటకూడదు, సర్టిఫికెట్లన్నీ ఒకే పీడీఎఫ్‌లో ఉండాలి అంటారు. దానికోసం ఏదో సైట్లోకెళ్ళి ఆధార్, టెన్త్ మెమో అప్‌లోడ్ చెయ్యకు, అవి ఎవడి సర్వర్‌లో పడతాయో మనకేం తెలుసు. పీడీఎఫ్ 24 క్రియేటర్ అని ఉంది, దించుకుని వేసుకుంటే నెట్ లేకపోయినా ఇంట్లోనే కలుపుతుంది, సైజు తగ్గిస్తుంది. ఫొటోలకి ఇర్ఫాన్‌వ్యూ, 1996 నాటిది, చూడ్డానికి పాతగా ఉంటుంది గానీ కత్తిరించడం, కేబీ తగ్గించడం రెండు నిమిషాల పని.

తెలుగు టైపింగ్‌కి ఏమీ దించక్కర్లేదురా. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు కలిపి ఫొనెటిక్ కీబోర్డు పెట్టుకో, విండోస్ బటన్ పట్టుకుని స్పేస్ నొక్కితే ఇంగ్లీషూ తెలుగూ మారతాయి. డీటీపీ వాళ్ళ పాత ఫాంట్లలో మాత్రం ఏమీ దాచుకోకు, మన తాతగారి వంశవృక్షం అలాగే టైప్ చేయించా, ఇప్పుడు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అంతా పిచ్చి గీతలే. యూనికోడ్ అయితే ఎక్కడ తెరిచినా తెలుగే కనిపిస్తుంది. అలాగే విండోస్ బటన్, వి కలిపి నొక్కి చూడు, మొదటిసారి ఆన్ చెయ్యమంటుంది, తర్వాత కాపీ చేసినవన్నీ వరసగా కనిపిస్తాయి.

పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టే బిట్‌వార్డెన్ పెట్టుకో, అన్నిటికీ పుట్టినరోజే పెట్టావని నాకు తెలుసు.

ఇక అసలు సంగతి, బ్యాకప్. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. నువ్వు చిన్నపిల్లాడివి, గుర్తుండదు. మా కిటికీ అద్దం పగిలి వాన తిన్నగా కంప్యూటర్ టేబుల్ మీదికే కొట్టింది, కరెంటు ఎన్ని రోజులు లేదో నాకే లెక్క పోయింది, వచ్చాక చూస్తే కంప్యూటర్ పోయింది. పోతే పోయిందిలే, బ్యాకప్ ఉంది కదా అనుకున్నా. ఆ హార్డ్ డిస్కు ఎక్కడ పెట్టాను? అదే టేబుల్ సొరుగులో. నీ బారసాల ఫొటోలు మూడొందల పైచిలుకు, అన్నీ అందులోనే. ఇప్పుడు మీ ఆల్బమ్‌లో ఉన్న ఆ నలభై, రాజమండ్రిలో మీ అమ్మమ్మగారికి సీడీలో వేసి పంపినవి, అంతే మిగిలాయి.

అందుకని ఫైళ్ళు ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేసిపెట్టే ఫ్రీఫైల్‌సింక్ వేసుకో, ఎడమవైపు నీ ఫోల్డర్, కుడివైపు హార్డ్ డిస్కు పెట్టి అప్‌డేట్ అన్న పద్ధతి ఎంచుకో. మిర్రర్ అన్నది వద్దు, ఇక్కడ పొరపాటున చెరిపింది అక్కడా చెరిపేస్తుంది. వన్‌డ్రైవ్ ఉంది కదా అంటావేమో, అందులోనూ అంతే, ఇక్కడ పోతే అక్కడా పోతుంది, రీసైకిల్ బిన్‌లో కొన్నాళ్ళుంటుంది గానీ మనకి తెలిసేసరికి అదీ ఖాళీ, పైగా ఫ్రీగా ఇచ్చేది ఐదు జీబీయే. పనవ్వగానే డిస్కు పీకెయ్, తగిలించే ఉంచితే వైరస్ వచ్చినప్పుడు అదీ పోతుంది.

డిస్కులు రెండు కొను. ఒకటి గాజువాకలో మీ ఇంట్లో, రెండోది మా బీరువాలో. ఈ ఆదివారం లాప్‌టాప్ పట్టుకొచ్చెయ్, మొదటి కాపీ నేనే దగ్గరుండి చేయిస్తా, ఆ నలభై ఫొటోలు కూడా తీసుకురా, నా దగ్గర అవీ లేవు. పొద్దున్నే వస్తే పెద్దమ్మ పెసరట్టు వేస్తానంది.

మీ పెదనాన్న