రిపోర్టులో ‘నిల్’ అని వస్తే

చిరంజీవికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన వీర్యపరీక్ష రిపోర్టు చూశాను. వీర్యకణాల దగ్గర ‘నిల్’ అని ఉన్న ఆ ఒక్క గడి మీదే నీ కళ్లన్నీ ఉండి ఉంటాయి. నేను మాత్రం దాని పైన ఉన్న గడులు చూశాను. పరిమాణం 0.6 మిల్లీలీటర్లు, పీహెచ్ (ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత) 6.8. వీర్యం కనీసం 1.4 మిల్లీలీటర్లు, పీహెచ్ 7.2 ఉండాలి. ఈ రెండూ తక్కువగా ఉన్నాయంటే అందులో ఏదో సంగతి ఉంది.

ముందుగా ఒక మాట అడుగుతాను, మొహమాటపడకు. శాంపిల్ మొత్తం డబ్బాలో పడిందా? మొదట వచ్చే చుక్కల్లోనే కణాలు ఎక్కువగా ఉంటాయి. ఆ చిన్న గదిలో, బయట మనుషులు ఎదురుచూస్తుంటే, టెన్షన్‌లో ఆ చుక్కలు కింద పడిపోయినా సిగ్గుకొద్దీ ఎవరూ చెప్పరు. ల్యాబులో కూర్చున్నవాళ్లం డబ్బాలో ఉన్నది చూసి రాసేస్తాం. అందుకే ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చకూడదు. రెండు మూడు వారాలు ఆగి మళ్లీ ఇవ్వు. దానికి ముందు కనీసం 2 రోజులు, మహా అయితే 7 రోజులు వీర్యం బయటికి పోకుండా ఉంటే చాలు. ఈమధ్య గట్టిగా జ్వరం వచ్చి ఉంటే ఆ సంగతి కూడా చెప్పు. కణం తయారవడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది కాబట్టి జ్వరం ప్రభావం ఆలస్యంగా కనిపిస్తుంది.

రెండోసారి ఇచ్చేటప్పుడు ‘సెంట్రిఫ్యూజ్ చేసి చూస్తారా’ అని అడుగు. శాంపిల్‌ని ట్యూబులో వేసి వేగంగా తిప్పి, పైన తేరినది తీసేసి, అడుగున దిగిన మడ్డిని మైక్రోస్కోపు కింద వెతకాలి. ఓపిక కావలసిన పని. స్లైడు ఈ చివర నుంచి ఆ చివరకు జరుపుతూ పోతే గుండ్రటి కణాల మధ్య ఎక్కడో ఒక తోక కదలడం కనిపిస్తుంది. ఆ ఒకటీ అరా దొరికితే చాలు, కథ మారిపోతుంది. వాటిని ఫ్రీజ్ చేసి దాచుకోవచ్చు, ఒక్కోసారి వృషణం నుంచి కణాలు తీసే ఆపరేషన్ అవసరమే రాదు. హడావుడిగా ‘నిల్’ అని రాసే చోట ఈ పని జరగదు.

రెండోసారీ లేవంటే దాన్ని అజూస్పెర్మియా అంటారు. వందమంది మగవాళ్లలో దాదాపు ఒకరికి ఉంటుంది. దీనికీ మగతనానికీ సంబంధం లేదు. వీర్యంలో చాలా భాగం ప్రోస్టేట్, దాని పక్కనున్న గ్రంథుల నుంచే వస్తుంది, కణాల వాటా బహు కొద్ది. అందుకే కంటికి ఏ తేడా తెలియదు.

ఇక తేల్చాల్సింది ఒకటే. కణాలు తయారే కావడం లేదా, తయారైనవి బయటికి రావడం లేదా? నీ రిపోర్టులో పరిమాణం తక్కువ, పీహెచ్ తక్కువ. రెండోసారీ ఇలాగే వస్తే అడ్డంకి వైపే అనుమానం. పుట్టుకతోనే వీర్యనాళాలు (వృషణాల నుంచి కణాలను తీసుకొచ్చే గొట్టాలు) లేనివాళ్లలో రిపోర్టు ఇలాగే ఉంటుంది. అది కనిపెట్టడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. డాక్టర్ వేళ్లతో తడిమితే నాళం గట్టి దారంలా తగులుతుంది, లేకపోతే తగలదు. కాగితాలు మాత్రమే చూసి, చేత్తో పరీక్ష చేయకుండా మందులు రాసే డాక్టర్ దగ్గర నువ్వు ఆగకు. నాళాలు లేవని తేలితే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య ఊపిరితిత్తుల జబ్బుకు సంబంధించిన జన్యువు పరీక్ష నీకూ కోడలికీ ఇద్దరికీ చేయించాలి. ఇద్దరిలోనూ లోపం ఉంటే పుట్టే బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం ఉంది. పరిమాణం తగ్గడానికి ఇంకో కారణమూ ఉంది. షుగరు ఉన్నవాళ్లలోనూ, ప్రోస్టేట్‌కి కొన్ని రకాల మందులు వాడేవాళ్లలోనూ కొందరికి వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. శాంపిల్ ఇచ్చాక పోసిన మూత్రం పరీక్షిస్తే అది బయటపడుతుంది.

రక్తపరీక్షల్లో ఎఫ్‌ఎస్‌హెచ్ (కణాలు తయారుచేయమని వృషణాలకు చెప్పే హార్మోను), టెస్టోస్టెరాన్ తప్పనిసరి. ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా ఎక్కువగా ఉండి వృషణాలు చిన్నవిగా ఉంటే తయారీలోనే లోపం. ఎఫ్‌ఎస్‌హెచ్ మరీ తక్కువగా ఉంటే మెదడులోని పిట్యూటరీ గ్రంథి నుంచి ఆదేశం అందడం లేదన్నమాట. ఇది మంచి వార్తే, ఇంజెక్షన్లతో చాలామందికి కణాలు వస్తాయి. తయారీ లోపమని అనుమానం వస్తే క్రోమోజోముల పరీక్ష, వై క్రోమోజోము పరీక్ష ఆపరేషన్‌కి ముందే చేయించు, తర్వాత కాదు. వై క్రోమోజోములో ‘ఏ’ లేదా ‘బి’ అనే భాగం పూర్తిగా పోతే వృషణంలో వెతికినా కణాలు దొరకవు, ఆపరేషన్ దండగ. ‘సి’ భాగం పోతే దొరికే అవకాశం ఉంది, కానీ పుట్టే మగపిల్లవాడికీ అదే లోపం వస్తుంది.

జిమ్ములో ఎవరైనా కండలకని ఇంజెక్షన్లు ఇచ్చి ఉంటే దాచకు. బయటినుంచి వచ్చిన టెస్టోస్టెరాన్ లోపలి తయారీని ఆపేస్తుంది. చాలామందికి మానేశాక మళ్లీ మొదలవుతుంది, నెలలు పట్టొచ్చు. ఆ నిజం డాక్టర్‌కి తెలియకపోతే మిగతా పరీక్షలన్నీ దారి తప్పిస్తాయి. వీర్యవృద్ధి పొడుల జోలికి పోకు. అడ్డంకి ఉన్నవాడికి పొడి ఏం చేస్తుంది?

బయాప్సీ (వృషణం నుంచి చిన్న ముక్క తీసి చూడడం) రేపే చేసేద్దామంటే తొందరపడకు. కణాలు దొరికితే ఆ రోజే ఫ్రీజ్ చేసే ఏర్పాటు ఉందా అని అడుగు. లేకపోతే మళ్లీ కోయాల్సి వస్తుంది. ఈలోగా కోడలి పరీక్షలు ఆపకండి, ఆమె వయసు కూడా లెక్కలోకి వస్తుంది.

మగవాళ్ల సంతాన సమస్యలు చూసే యూరాలజిస్టు దగ్గరకి వెళ్లు. వెళ్లేముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి. చిన్నప్పుడు నీకు హెర్నియా ఆపరేషన్ అయింది, ఒకవైపా రెండువైపులా అన్నది నాకు సరిగా గుర్తులేదు. పుట్టినప్పుడు వృషణాలు రెండూ కిందికి దిగి ఉన్నాయా, గవదబిళ్లలు ఎప్పుడు వచ్చాయి, అవి వచ్చినప్పుడు వృషణాలు వాచాయా అన్నది కూడా అడుగు. పాత కాగితాలు ఏమున్నా వెంట తీసుకెళ్లు.

పెదనాన్న