కింది కోర్టులో చేరిన అమ్మాయి సుప్రీంకోర్టు దాకా వెళ్ళగలదా?

మీ అమ్మాయి జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదువుతోందని, అక్కడ చేరితే పైదాకా ఎదిగే వీలుంటుందా, సుప్రీంకోర్టు పేరున్న లాయర్లకేనా అని అడిగారు. నేనూ ఆ పరీక్ష రాసే చేరి, జిల్లా జడ్జిగా పదవీ విరమణ చేశాను.

వీలుందండి. సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి ఫాతిమా బీవీ వచ్చింది ఈ దారినే. ఆమెను న్యాయశాస్త్రం వైపు నడిపించింది తండ్రి. 1950లో న్యాయవాది అయ్యారు, 1958లో కేరళలో మున్సిఫ్‌గా, అంటే కింది సివిల్ కోర్టు జడ్జిగా చేరారు. సబ్ జడ్జి, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్, 1974లో జిల్లా జడ్జి, 1983లో హైకోర్టు. 1989 ఏప్రిల్‌లో 62 ఏళ్ళు నిండి హైకోర్టు నుంచి విరమణ కూడా చేశారు. సుప్రీంకోర్టు పదవి వచ్చింది ఆ తర్వాతే, అక్టోబరు 6న. ఆ కోర్టు ఏర్పడిన 39 ఏళ్ళకు! అక్కడ ఆమె పనిచేసింది రెండున్నరేళ్ళే. అందరూ ‘తొలి మహిళ’ అని తలుచుకుంటారు. నాకు మాత్రం మున్సిఫ్ కోర్టు నుంచి హైకోర్టుకు ఆమె నడిచిన పాతికేళ్ళే గొప్పవి.

అసలు అడ్డంకి వయసు. హైకోర్టులో 62, సుప్రీంకోర్టులో 65 ఏళ్ళకు విరమణ. కింది నుంచి పదోన్నతుల మీద వచ్చేవారు హైకోర్టు చేరేసరికే యాభై దాటుతాయి. సీనియారిటీ కూడేలోపు గడువు ముగుస్తుంది. నాతో చేరినవారిలో సమర్థులు చాలామంది అక్కడే ఆగిపోయారు. అది వారి లోపం కాదు.

మరో దారి, ఏడేళ్ళ ప్రాక్టీసు తర్వాత నేరుగా జిల్లా జడ్జి పరీక్ష రాయడం. జస్టిస్ ఆర్. భానుమతి 1988లో తమిళనాడులో అలాగే చేరి, 2003లో మద్రాసు హైకోర్టుకు, 2014లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. నిర్భయ కేసులో విడిగా తీర్పు రాసింది ఆవిడే. ఆమె రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తండ్రి బస్సు ప్రమాదంలో పోయారు. ఆ ప్రమాదం పరిహారం విషయంలో కోర్టు జాప్యానికి తాము కూడా బాధితులమేనని వీడ్కోలు సభలో చెప్పారు. అది చదివి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దాన్ని ఆలస్యంగా చూడకండి. ఆ మూడేళ్ళూ అమ్మాయిని ట్రయల్ కోర్టులోనే ఉండమనండి. ఒక భాగపంపకాల దావాలో ఓ పెద్దావిడ సాక్ష్యం చెబుతూ ప్రతి ప్రశ్నకూ ముందు కొడుకు వైపు చూసేది. వాంగ్మూలం కాగితంలో ఆ చూపు ఉండదు. అప్పీలు వినే కోర్టు చదివేది ఆ కాగితమే. ఆ కొడుకును బయట కూర్చోమన్నాను, ఆ తర్వాత ఆవిడ జవాబులే మారిపోయాయి.

ఉద్యోగంలో చేరాక యూనిట్ల లెక్క (ఎన్ని కేసులు తేల్చారన్న లెక్క) వెంటాడుతుంది, కొన్నేళ్ళకోసారి బదిలీ, తీర్పులు రాయడానికి రాత్రుళ్ళే మిగులుతాయి. ఆ తొందరలోనూ ప్రతి తీర్పూ తానే రాసుకోవాలి, కారణాలు స్పష్టంగా చెప్పాలి. హైకోర్టుకు పేరు పరిశీలనకు వచ్చిన రోజున చూసేవి ఆ తీర్పులనే.