తిరిగే ఫ్యానుకు దుమ్ము ఎలా పడుతుంది? ఎలా తుడవాలి?

అంత వేగంగా తిరుగుతున్నా దుమ్ము ఎగిరిపోదెందుకంటే, రెక్కను ఆనుకుని ఉండే సన్నని గాలిపొర రెక్కతో పాటే కదులుతుంది. అందులో చిక్కిన ధూళికి గాలి దెబ్బ తగలదు. గాలిని చీల్చుకుంటూ ముందు వెళ్లే అంచు ఎక్కువ ధూళిని ఢీకొంటుంది కనుక నల్లటి చార అక్కడే కడుతుంది. వంటగదిలోనైతే నూనె ఆవిరి తోడై అది బంకలా తయారవుతుంది.

తుడవాలంటే స్విచ్ ఆపి, రెక్కలు పూర్తిగా నిలిచాక, పాత దిండు గలేబును ఒక్కో రెక్కకు తొడగండి. పైనా కిందా చేతులతో అదిమి మెల్లగా బయటికి లాగితే దుమ్మంతా గలేబులోనే పడుతుంది, మంచం మీద కాదు. పొడిగుడ్డతో దులపడం నాకైతే రెట్టింపు పని. జిడ్డుకు సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డ చాలు. మోటారుకు తడి తగలనివ్వకండి. రెక్కను కిందికి నొక్కకండి. కాస్త వంగినా ఫ్యాను ఊగుతుంది.